మన తెలంగాణలో జీఎస్టీ గీత 20 లక్షల దగ్గరే ఎందుకు ఆగింది?

హన్మకొండ గల్లీలో ఒక కిరాణం దుకాణం అనుకోండి. పొద్దున ఆరింటికి పాల ప్యాకెట్లతో బోణీ, రాత్రి పదింటికి షట్టర్. రోజూ 5,500 రూపాయల గిరాకీ అయితే చాలు, ఏడాది అమ్మకం 20 లక్షలు దాటుతుంది. దాటిన 30 రోజుల్లోపు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోవాలి. అదే దుకాణం విజయవాడలోనో చంద్రపూర్‌లోనో ఉంటే 40 లక్షల దాకా ఆ అవసరమే లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం కింద చాలా సరుకులకు పన్ను మొదటి అమ్మకం దగ్గరే పడేది. హోల్‌సేల్‌లో సరుకు తెచ్చుకునే చిన్న వ్యాపారికి ఆ గొడవ పెద్దగా ఉండేది కాదు. 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చాక ప్రతి అమ్మకమూ లెక్కలోకొచ్చింది. ఏడాదికి 5 లక్షల నుంచి 40 లక్షల దాకా అమ్మేవాళ్లు 1 శాతం టర్నోవర్ ట్యాక్స్, అంటే టీఓటీ కట్టాల్సి వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ 20 లక్షల పరిమితితో మొదలైతే, ఆ పాత లెక్కతో పోల్చుకుని ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఉన్నారు.

అసలు మలుపు 2019 జనవరి 10న. సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు పరిమితిని 40 లక్షలు చేసుకోవచ్చని జీఎస్టీ కౌన్సిల్ చెప్పి, నిర్ణయం రాష్ట్రాలకే వదిలింది. ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర 40కి మారాయి. తెలంగాణ 20 దగ్గరే ఉండిపోయింది. అప్పటి నుంచి నూనె, పప్పుల ధరలు ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. సరుకు అంతే అమ్మినా టర్నోవర్ పెరుగుతుంది, గీత మాత్రం కదలదు. ఇది చిన్న దుకాణదారుకు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2025 జులైలో యూపీఐ వసూళ్ల లెక్కలు చూసి కర్ణాటకలో చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చారు. బెంగళూరులో కొందరు స్కానర్లు తీసేసి క్యాష్ మాత్రమే అన్నారు. అక్కడి గీత 40 లక్షలు. మనది అందులో సగం కాబట్టి ఇక్కడి టెన్షన్ అర్థం చేసుకోవచ్చు.

చాలామంది 20 లక్షలంటే లాభం అనుకుంటారు. కాదు, మొత్తం అమ్మకం. పాల ప్యాకెట్‌కు, లూజు బియ్యానికి పన్ను లేకపోయినా, పక్కనే సబ్బులు కూడా అమ్మితే అవన్నీ ఆ 20 లక్షల్లో కలుస్తాయి.

గీత దాటినవాళ్లకు కాంపోజిషన్ స్కీమ్ ఉంది. కోటిన్నర టర్నోవర్ దాకా వ్యాపారులకు 1 శాతమే, మూడు నెలలకోసారి కడితే సరిపోతుంది. కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. వరంగల్ కొత్తవాడ దర్రీలు మహారాష్ట్రకు పంపాలనుకునే వ్యాపారికి ఈ స్కీమ్ పనికిరాదు.

ఇంకొకటి. చిట్టీ డబ్బులు, చేబదుళ్లు కూడా దుకాణం స్కానర్‌కే వేయించుకుంటున్నారు. వాటికి వేరే ఖాతా పెట్టుకోండి. నోటీసు వస్తే ఏది అమ్మకమో ఏది కాదో చూపించాల్సింది మీరే.