పాత కంప్యూటర్‌లో ‘ఫైలు మిస్సింగ్’: అపోహలు - వాస్తవాలు

గజపతి జిల్లా పర్లాకిమిడిలో నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. సరిహద్దు అవతల పాతపట్నం నుంచి, ఇటు కాశీనగరం, గుణుపురం వైపు నుంచి నా బల్ల మీదికి వచ్చే పాత సీపీయూలలో ఎక్కువ భాగం డీటీపీ కేంద్రాలవి. ఒకవైపు ఒడియా, మరోవైపు తెలుగు అచ్చు వేయవలసిన శుభలేఖలకు వారు ఆకృతి, అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌తో ఏళ్ల తరబడి పని చేస్తున్నారు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసినా, ఆ ఏర్పాటును వదులుకోలేక పాత యంత్రాలనే నడుపుకొస్తున్నారు. కాబట్టి ‘కొత్తది కొనండి’ అనే సలహా ఇక్కడ పెద్దగా పనికిరాదు.

అపోహ: ‘ఫైలు మిస్సింగ్’ అన్న సందేశంలో ఏ ఫైలు పేరు కనిపిస్తే ఆ ఫైలే పోయింది.

వాస్తవం: ఆ సందేశం ఏ ఫైలు దొరకలేదో చెబుతుందే తప్ప, ఎందుకు దొరకలేదో చెప్పదు. ఎక్స్‌పీ మొదలయ్యేటప్పుడు బయాస్ (మదర్‌బోర్డులో ఉండే తొలి ప్రోగ్రాము) ముందుగా ఏదో ఒక డిస్కును ఎంచుకుంటుంది. ఆ డిస్కు మొదట్లో ఉండే బూట్ సెక్టారు, విండోస్‌ను లేపే లోడర్ ఫైలు ఎన్‌టీఎల్‌డీఆర్‌ను పిలుస్తుంది. అది బూట్.ఐఎన్ఐ అనే చిన్న ఫైలు చదివి, విండోస్ ఏ పార్టిషన్‌లో (డిస్కులోని ఏ విభాగంలో) ఉందో తెలుసుకుంటుంది. ఈ వరుసలో ఎక్కడ దారి తప్పినా చివరికి కనిపించేది ‘ఫైలు లేదు’ అన్న మాటే.

ఒక పెళ్లిళ్ల కాలంలో ఒక ప్రెస్ యజమాని సీపీయూను ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. “బాబూ, రేపు పొద్దుటికి నాలుగు వందల కార్డులు ఇవ్వాలి, హార్డ్ డిస్కు పోయిందంటున్నారు” అన్నారు. తెర మీద ఎన్‌టీఎల్‌డీఆర్ మిస్సింగ్ అని ఉంది. అంతకు ముందు చూసినవారు ఫార్మాట్ తప్ప దారి లేదని చెప్పారట. నేను స్క్రూడ్రైవర్ తీయకముందే వెనుక పోర్టులో ఒక చిన్న పెన్ డ్రైవ్ కనిపించింది. శుభలేఖ మ్యాటరు తెచ్చిన పెళ్లివారిది. దాన్ని తీసి మళ్లీ ఆన్ చేస్తే విండోస్ మామూలుగానే వచ్చింది, కానీ గడియారం కొన్నేళ్లు వెనక్కి వెళ్లి ఉంది. మదర్‌బోర్డు మీది మూడు వోల్టుల సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. రాత్రి కరెంటు పోయినప్పుడు బయాస్ తన అమరికలను మరచిపోయి, తొలి ప్రాధాన్యాన్ని యూఎస్‌బీకి ఇచ్చింది. ఎక్స్‌పీలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్‌లో బూట్ సెక్టారు ఉంటుంది, ఎన్‌టీఎల్‌డీఆర్ ఉండదు. ఆ సందేశం వచ్చింది పెన్ డ్రైవ్ నుంచే గాని హార్డ్ డిస్కు నుంచి కాదు. బ్యాటరీ మార్చి, బూట్ వరుస సరిచేసి పంపాను.

విండోస్ సొంత ఫైలైన హాల్.డీఎల్ఎల్ లేదన్న సందేశమూ ఇటువంటిదే. బూట్.ఐఎన్ఐలో పార్టిషన్ సంఖ్య తప్పుగా ఉంటే, లోడర్ వేరే చోటికి వెళ్లి అక్కడ ఆ ఫైలు కనబడక ఆగిపోతుంది. ఎవరైనా మధ్యలో ఒక పార్టిషన్ చేర్చినా, తీసేసినా ఈ తప్పు రావచ్చు. ఎక్స్‌పీ సీడీలోని రికవరీ కన్సోల్‌లో బూట్‌సీఎఫ్‌జీ రీబిల్డ్ ఆదేశం ఇస్తే చాలాసార్లు సరిపోతుంది.

కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సిస్టమ్ అనే ఫైలు పాడైందన్న సందేశం మాత్రం నిజంగానే గట్టి దెబ్బ, ఎందుకంటే అది విండోస్ తన అమరికలన్నీ దాచుకునే రిజిస్ట్రీలో ఒక భాగం. విండోస్ లోపలి రిపేర్ ఫోల్డర్‌లో దాని ప్రతి ఉంటుంది గాని, సాధారణంగా అది విండోస్ ఎక్కించిన నాటిది. దాన్ని తెచ్చి పెడితే యంత్రం లేస్తుంది, కానీ ఆ తరువాత వేసిన డ్రైవర్ల సంగతి దానికి తెలియదు. డాంగిల్ (లైసెన్సు కోసం పోర్టులో పెట్టే చిన్న పరికరం) మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఉన్నవారికి ఇది పెద్ద చిక్కు. అందువల్ల నేను ముందుగా సిస్టమ్ రిస్టోర్ దాచిన ఇటీవలి ప్రతి కోసం వెతుకుతాను.

అపోహ: లేని డీఎల్ఎల్‌ను (ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైలును) నెట్ నుంచి దించి సిస్టమ్32లో పెడితే చాలు.

వాస్తవం: ఉచితంగా డీఎల్ఎల్‌లు ఇచ్చే సైట్లలోని ఫైలు ఎవరు తయారుచేసిందో, లోపల ఏముందో మనకు తెలియదు. పైగా డీఎల్ఎల్ సాధారణంగా ఒంటరిగా ఉండదు, ఒక ప్యాకేజీలో భాగంగా వస్తుంది. ఉదాహరణకు ఎంఎస్‌వీసీఆర్100 అనే డీఎల్ఎల్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 2010 ప్యాకేజీలోది. ఎంఎస్‌వీసీపీ140 అదే వరుసలో 2015 నుంచి వచ్చిన ప్యాకేజీలది. మైక్రోసాఫ్ట్ వద్ద ఆ ప్యాకేజీ ఉచితంగానే దొరుకుతుంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, 32 బిట్‌వి ఉండేది సిస్‌వావ్64లో. పేర్లు తారుమారుగా ఉన్నాయని మీకు అనిపిస్తే ఆ తప్పు మీది కాదు. మన పాత ప్రోగ్రాములు ఎక్కువగా 32 బిట్‌వే కనుక, 64 బిట్ యంత్రంలోనైనా వాటికి ఎక్స్86 (అంటే 32 బిట్) ప్యాకేజీయే వేయాలి.

అపోహ: డిస్కులోని తప్పులు వెతికి దిద్దే చెక్‌డిస్క్ నడిపితే నష్టమేమీ లేదు, అదీ కుదరకపోతే ఫార్మాట్ కొట్టేయవచ్చు.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న డిస్కు మీద చెక్‌డిస్క్ మంచి సాధనమే. కొనఊపిరితో ఉన్న డిస్కు మీద మాత్రం, చెడ్డ సెక్టార్లను వెతికే ఆ గంటల తరబడి పరుగు దాన్ని పూర్తిగా ముంచేయగలదు. అది చేసే దిద్దుబాట్ల వల్ల తెగిన ఫైళ్లు మరింత చెదిరిపోనూ గలవు. అందుచేత నేను ముందుగా ఆ డిస్కును మరో యంత్రానికి తగిలించి, లేదా సీడీ నుంచే నేరుగా నడిచే లైనక్స్ లైవ్ సీడీతో తెరిచి, శుభలేఖల ఫైళ్లు, ఫాంట్లు, లెక్కల ఫోల్డర్లు బయటికి తీస్తాను. ఆ తరువాతే స్మార్ట్ లెక్కలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే అంకెలు) చూస్తాను. రీఅలొకేటెడ్ (చెడిపోయి బదులు చోటికి మార్చినవి), పెండింగ్ (చెడినట్టు అనుమానం ఉన్నవి) సెక్టార్ల అంకెలు పెరుగుతూ ఉంటే డిస్కు మార్చవలసిందే. దాన్ని ఫార్మాట్ చేసి తిరిగి ఇవ్వడం నా దృష్టిలో మరమ్మతు కాదు. అవి సున్నాగా ఉండి సీఆర్‌సీ లోపాల (సమాచారం కేబుల్ మీద వెళ్లేటప్పుడు వచ్చే తప్పుల) అంకె ఒక్కటే పెరుగుతూ ఉంటే ముందుగా అనుమానించవలసింది డేటా కేబుల్‌ను.

ఒకే యంత్రంలో నెలకో కొత్త ఫైలు పాడవుతూ ఉంటే ర్యామ్‌ను కూడా పరీక్షించాలి. చెడిన ర్యామ్ గుండా వెళ్లిన సమాచారం డిస్కు మీదికి తప్పుగానే చేరుతుంది. మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రంతా నడిపితే చాలావరకు తేలిపోతుంది.

అపోహ: విండోస్ ఫైళ్లను సరిచూసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఆదేశం అన్నిటికీ మందు.

వాస్తవం: అది విండోస్ సొంత రక్షిత ఫైళ్లను మాత్రమే చూస్తుంది. బూట్.ఐఎన్ఐని గాని, రిజిస్ట్రీని గాని అది బాగుచేయదు. విండోస్ 7 అసలు తెరుచుకోనప్పుడు దాన్ని రికవరీ నుంచి నడపవచ్చు, కానీ అక్కడ మన సీ డ్రైవ్ ఒక్కోసారి డీగా కనిపిస్తుంది. ఫైళ్ల జాబితా చూపే డిర్ ఆదేశం కొట్టి, విండోస్ ఫోల్డర్ ఏ అక్షరం కింద ఉందో చూసుకుని ఆదేశం ఇవ్వాలి.

అపోహ: యూపీఎస్ ఉంది కనుక కరెంటు పోయినా ఫైళ్లకు ఢోకా లేదు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే యూపీఎస్‌లలో చాలావాటి బ్యాటరీ ఒక నిమిషం కూడా నిలవదు. డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి తన ఫోల్డర్ల చిట్టాను జర్నల్‌తో (మార్పులను ముందే రాసుకునే పట్టీతో) కాపాడుకుంటుంది గాని, ఆ క్షణంలో రాస్తున్న ఫైలు లోపలి సమాచారానికి హామీ ఇవ్వదు. పాత యంత్రాల్లో ఇప్పటికీ కనిపించే ఎఫ్‌ఏటీ32 పద్ధతికి ఆ జర్నల్ కూడా లేదు. మీ యూపీఎస్‌ను పరీక్షించాలనుకుంటే, ముందు తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి, కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయండి. కంప్యూటర్ ప్లగ్గును గోడ సాకెట్టుకు మార్చి, యూపీఎస్‌కు ఒక అరవై వాట్ల బల్బు తగిలించి, యూపీఎస్‌కు వచ్చే కరెంటు ఆపి, ఆ బల్బు ఎంతసేపు వెలుగుతుందో చూడండి.