సంతకం పెట్టేముందు ఒక్క నిమిషం: గార్మెంట్స్‌లో పని పోతే వచ్చే డబ్బు మీద అపోహలు

ఈ నెలలో నాలుగోసారి అదే వాట్సాప్ మెసేజ్. బంగ్లాదేశ్ బట్టల దిగుమతి వల్ల పని పోయిన గార్మెంట్స్ కార్మికులకు కేంద్రం పరిహారం ఇస్తోందట, ఈ లింకులో ఆధార్ నంబరు నింపాలట. నింపకండి తల్లీ. దిగుమతుల వల్ల పని పోయినవాళ్ళకంటూ మన దేశంలో విడిగా పథకం లేదు. అమెరికాలో ఉండేది, 1962 చట్టంతో మొదలైంది. ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టుకున్నా చాలు, అర్హత తేలితే శిక్షణ, వారం వారం భత్యం ఇచ్చేవాళ్ళు. 2022 జూలై 1 నుంచి అక్కడా కొత్త అర్జీలకు ఆమోదం ఆగిపోయింది.

బంగ్లాదేశ్ బట్టల మాట మాత్రం వట్టిది కాదు. 2011 నుంచి సుంకం లేకుండా వస్తున్నాయి. 2025 మేలో భూమార్గం మూసి, కోల్‌కతా, నవ షేవా ఓడరేవుల నుంచే రానిస్తామన్నారు. ఈలోగా లోకల్ మార్కెట్‌కి కుట్టే చిన్న యూనిట్లు చాలా నలిగాయి. యూనిట్ ఎందుకు మూతపడినా మీకు రావాల్సిన డబ్బు మాత్రం మామూలు కార్మిక చట్టాల్లోనే ఉంది. దాన్ని మనవాళ్ళు ఎక్కడ పోగొట్టుకుంటున్నారో చెప్తాను.

అపోహ: రాజీనామా రాసిచ్చినా, వాళ్ళు తీసేసినా ఒకటే. రాసిస్తే సెటిల్మెంట్ తొందరగా వస్తుంది.

ఒకటి కాదు. పోయిన ఆదివారం పావగడ వైపు నుంచి వచ్చే ఒక అక్క మా ఇంటికొచ్చింది. తొమ్మిదేళ్ళ సర్వీసు, కాలర్ సెక్షన్. జాకెట్లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది, తేదీ ఖాళీ. "హెచ్‌ఆర్ మేడమ్ సంతకం పెట్టి తెమ్మనింది, చెక్కు రడీగా ఉందంట" అంది. చదివి చెప్పాను: "నా వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను." అక్క నా మొహం చూసి, "నాకేం కారణాలున్నాయే? మూసేది వాళ్ళు కదా" అంది.

ఆ ఒక్క వాక్యం ఖరీదు లెక్కేద్దాం. బేసిక్, డీఏ కలిపి నెలకు 13,000 అనుకోండి. గ్రాట్యుటీ, అంటే సర్వీసుకు యజమాని చివర్లో ఇచ్చే డబ్బు, ఏడాదికి 15 రోజుల జీతం. నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తారు: 7,500. తొమ్మిదేళ్ళకు 67,500. ఇది రాజీనామా చేసినా వస్తుంది, అందుకే హెచ్‌ఆర్ దాన్నే చూపిస్తుంది. ఫ్యాక్టరీ మూసినా, మిమ్మల్ని తీసేసినా ఇది కాక ఇంకో పరిహారం ఉంది. ఏడాదికి 15 రోజుల సగటు జీతం, ఇక్కడ నెల జీతంలో సగం లెక్క, అంటే ఇంకో 58,500 దాకా. నోటీసు లేకపోతే ఒక నెల జీతం. రిట్రెంచ్‌మెంట్ అయితే, అంటే మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తే, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం (కోడ్) కింద మరో 15 రోజుల జీతం నైపుణ్య నిధి నుంచి మీ ఖాతాలో పడాలి. "వ్యక్తిగత కారణాలు" అని సంతకం పెట్టారా, గ్రాట్యుటీ తప్ప ఇవన్నీ గాలికే.

ఈఎస్‌ఐ, అంటే జీతంలోంచి కట్టే కార్మిక బీమా, దాని కింద వచ్చేది కూడా పోతుంది. రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అని ఒకటుంది, పేరు కూడా ఎవరూ చెప్పరు. మూసివేత, రిట్రెంచ్‌మెంట్ వల్ల పని పోయి, రెండేళ్ళు ఈఎస్‌ఐ కట్టి ఉంటే మొదటి ఏడాది సగటు జీతంలో సగం, రెండో ఏడాది పావు వంతు ఇస్తారు. ఆ కాలమంతా ఇంటిల్లిపాదికీ ఈఎస్‌ఐ వైద్యం. తానే మానేసినవాళ్ళకు ఇది రాదు.

నాకూ జరిగింది. మిషన్ మీద నాలుగేళ్ళ ఏడు నెలలు పూర్తయినప్పుడు మా లైన్‌లో పాతవాళ్ళందరినీ పిలిచి, "రాసిచ్చేయండి, వచ్చే నెల కొత్త టోకెన్ నంబరుతో మళ్ళీ తీసుకుంటాం" అన్నారు. రాసిచ్చాను. మళ్ళీ తీసుకున్నారు కూడా, నిజం చెప్పాలి. గ్రాట్యుటీకి కావాల్సిన ఐదేళ్ళ లెక్క మాత్రం సున్నా నుంచి మొదలైంది. ఆ మాట నేను విన్నదే ఆ తర్వాత రెండేళ్ళకు.

అపోహ: నష్టాలొచ్చి మూసేస్తే యజమాని ఏమీ ఇవ్వక్కర్లేదు.

పాపం ఓనరు కూడా మునిగిపోయాడని మనవాళ్ళే నాకు చెప్తారు. తప్పించుకోలేని పరిస్థితుల్లో మూస్తే పరిహారం మూడు నెలల సగటు జీతానికి మించక్కర్లేదని చట్టంలో ఉంది. వెంటనే కింద వివరణ కూడా ఉంది: డబ్బు నష్టం, అమ్ముడుపోని సరుకు పేరుకుపోవడం, ఇవి మాత్రమే ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. పోటీ సరుకు వచ్చి మన సరుకు గోడౌన్‌లో మిగిలిపోయిందనేది సరిగ్గా ఈ రెండో కారణమే. లేబర్ ఆఫీసర్ ముందు కూర్చున్నప్పుడు ఇది గట్టిగా చెప్పండి.

మిగతావి గబగబా. పీఎఫ్ డబ్బు ప్రభుత్వం తినేస్తుందా? తినదు. 2016లో యజమాని వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా ఇవ్వబోమని రూలు పెడితే ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్స్ ఆడవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు, వెంటనే వెనక్కి తీసుకున్నారు. సర్వీసు పదేళ్ళకు దగ్గరపడితే పెన్షన్ వాటా మాత్రం తీయకండి. కాంట్రాక్టు వాళ్ళకు గ్రాట్యుటీ లేదా? కొత్త కోడ్‌లలో ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకు, అంటే ఇంత కాలానికని కంపెనీతో నేరుగా రాసుకున్నవాళ్ళకు, ఏడాదికే వస్తుంది.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? ఏడవకండి, ఆలస్యం కూడా చేయకండి. బలవంతంగా పెట్టించారని లేబర్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తొలగింపు వివాదం లేవనెత్తడానికి కొత్త కోడ్‌లో రెండేళ్ళే గడువు, ఇదివరకు మూడు. టోకెన్ కార్డు, జీతం స్లిప్పులు, గేటు మీద అంటించిన నోటీసు ఫోటో, అన్నీ దాచండి.

పావగడ అక్క ఇంకా సంతకం పెట్టలేదు. హెచ్‌ఆర్ మూడుసార్లు ఫోన్ చేసిందట. "మా ఆయన ఊరెళ్ళినాడు మేడమ్, వచ్చినాక అడిగి పెడతా" అంటోంది. ఆయన పోయి ఆరేళ్ళయింది.