మెడ బిళ్ల: కోయాలా, ఆగాలా?

నర్సంపేటలో మా పక్కింటి పాపకు నాలుగేళ్లు. ఓ పొద్దున లేచేసరికి కుడి దవడ కింద నిమ్మకాయంత వాపు, కాలిపోయే జ్వరం. గవదలే, సున్నం పూద్దామంది వాళ్ల బాపమ్మ. గవదలైతే వాపు దవడ మూలను కప్పేసి చెవి తమ్మెను పైకి లేపుతుంది. పాపకు దవడ ఎముక అంచు వేలికి తగులుతూనే ఉంది. వాపు దాని కింద. అంటే బిళ్ల కట్టిందన్నమాట.

కాలికి ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ల కట్టడం మనకు తెలిసిందే. మెడలోనూ అంతే. గొంతు, పళ్లు, తల నుంచి దిగివచ్చే సూక్ష్మజీవులను అక్కడి లింఫ్ గ్రంథులు అడ్డుకుంటాయి. అందుకే డాక్టరు మెడ తడిమి ఊరుకోరు, నోరు తెరిపించి టాన్సిల్స్, పుచ్చిపళ్లు చూస్తారు. బిళ్ల తల వెనక ఉంటే జుట్టు పాయలు తీస్తారు. పేలకు గోకీ గోకీ చీము పట్టిన పొక్కు ఒకటి అక్కడ దొరుకుతుంది.

జలుబుతో రెండు పక్కలా వచ్చే చిన్న బిళ్లలు చాలావరకు వైరస్‌వి. వాటికి యాంటీబయాటిక్ దండగ. ఒకే పక్క ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే ఏడిస్తే సాధారణంగా స్టెఫైలోకాకస్ లేదా స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా పని. పిల్లల బరువును బట్టి అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటి యాంటీబయాటిక్ 7 నుంచి 10 రోజులు ఇస్తారు. 2, 3 రోజుల్లో జ్వరం దిగాలి. దిగకపోయినా, వాపు నడుమ మెత్తబడినా అల్ట్రాసౌండ్ తీసి, చీముంటే సూదితో లాగుతారు, లేదా గాటు పెట్టి తీస్తారు. నోరు తెరవలేక చొంగ కారుస్తున్నా, ఊపిరి కష్టమైనా ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి.

నాకు భయం నొప్పిలేని బిళ్లంటేనే. వారాల తరబడి ఉండి, రెండు మూడు గుత్తిగా అతుక్కుని, వేడి లేకుండానే మెత్తబడితే టీబీ కావచ్చు. పాతవాళ్ల గండమాల ఇదే. మామూలు గడ్డ అనుకుని ఊళ్లో కోయిస్తే ఆ గాటు మానక నెలల తరబడి రసి కారుతుంది. సన్నసూదితో నమూనా తీసి, టీబీ క్రిమి ఉందో లేదో చెప్పే సీబీనాట్ పరీక్షకు పంపాలి. ప్రభుత్వాసుపత్రుల ద్వారా ఆ పరీక్షా, 6 నెలల మందులూ ఉచితమే. మందు మొదలయ్యాక కొందరిలో బిళ్ల ఇంకా పెరుగుతుంది కూడా. టెన్షన్ పడి మందు ఆపొద్దు, డాక్టరుకు చూపించాలి.

మా పక్కింటి పాప విషయంలో అసలు దోషి కింది దవడలో పుచ్చిన పన్ను. నాలుగో రోజుకే వాకిట్లో పరుగులు పెట్టింది. బిళ్ల మాత్రం నెల దాకా గోలీ అంత మిగిలింది. బాపమ్మ రోజూ జడ వేస్తూ దాన్ని వేలితో ఓసారి తడిమి చూసుకునేది.