'ఈ వయసులో కంప్యూటరేం వస్తుంది' అనే మాట ఎక్కడిది?

నెల్లూరు, ఒంగోలు ఆఫీసుల్లోకి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే పని నేర్పకముందే తీర్పు వినపడుతుంది: సీనియర్ సార్‌కు ఎక్కదు, మేడం డేటా ఎంట్రీ చూసుకుంటే చాలు, మిగతాది ఆ కుర్రాడికి చెప్పండి. ఎవరిని ఏ యంత్రం ముందు కూర్చోబెడుతూ వచ్చారో చూస్తే ఈ తీర్పు పుట్టుక తెలుస్తుంది.

1946లో అమెరికాలో తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్‌ను జనానికి చూపించేనాటికి దానికి ప్రోగ్రాములు అమర్చినవాళ్లు ఆరుగురు మహిళలు. అప్పట్లో అది గుమాస్తా పని కింద లెక్క. హోదా, జీతం పెరిగాక మగవాళ్ల పనైంది. 1966లో ఈ పనికి ఎవరు సరిపోతారో తేల్చేందుకు ప్రోగ్రామర్ల అభిరుచులను కొలవడానికి 1,378 మందిని తీసుకుంటే వాళ్లలో మహిళలు 186 మందే. ఉన్నవాళ్ల పోలికలనే అర్హతగా పెడితే వచ్చేదీ అలాంటివాళ్లే. వయసు సంగతికొస్తే, తొలి కంపైలర్లలో (మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేవి) ఒకటి రాసిన గ్రేస్ హాపర్ 1986లో నౌకాదళం నుంచి రిటైరైంది 79 ఏళ్లకు.

మన దగ్గర సీనియర్లలో చాలామంది టైపు లోయర్, హయ్యర్ పాసైనవాళ్లు. ఇంగ్లీషులో నిమిషానికి 30, 45 మాటలు కొట్టిన వేళ్లవి. చిక్కంతా తెలుగు కీబోర్డుతో వచ్చింది. టైపు మెషీన్ మీద వత్తు నేరుగా పడేది. కంప్యూటర్లో యూనికోడ్ తెలుగుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో 'అక్క' కొట్టాలంటే అ, క, పొల్లు, మళ్లీ క. పైగా అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైలు ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి అక్షరాలే. వేళ్లకు పట్టిన అలవాటు మారేదాకా వేగం పడిపోతుంది. దాన్ని చూసి 'రాదు' అని రాసేస్తున్నారు.

కళ్లజోడు సంగతి ఎవరూ అడగరు. బైఫోకల్‌లో దగ్గరి చూపు అద్దం కింద ఉంటుంది కాబట్టి తెర చదవడానికి గడ్డం పైకెత్తాలి, మెడ పట్టేస్తుంది. మానిటర్ కాస్త దించి, అక్షరాలు 125 శాతానికి పెంచితే సగం ఇబ్బంది పోతుంది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల్లో పలక పట్టినవాళ్లలో చాలామంది బడి వయసు దాటిన ఆడవాళ్లు. ఆ జిల్లాలోని దూబగుంట ఊరి నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమానికి ఆ చదువే ఊతం. ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్లు పిల్లల బరువు, ఎత్తు పోషణ్ ట్రాకర్ అనే ఫోను యాప్‌లో ఎక్కిస్తున్నారు. అదీ సాంకేతిక పనే, అయినా ఆ లెక్కలోకి రాదు.

ట్రైనింగ్‌లో ఎక్కువగా జరిగే తప్పు, ఆలస్యమవుతోందని మౌస్ లాక్కుని చేసిపెట్టడం. చూసినవాళ్లకు చెయ్యి తిరగదు, పాస్‌వర్డ్ కూడా ఆ కుర్రాడి దగ్గరే ఉండిపోతుంది, అతను బదిలీ అయిన రోజు ఫైళ్లు ఆగుతాయి. మౌస్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉంచి, కీబోర్డు పటం మానిటర్ కింద అంటించి, నిజం ఫైళ్లు కాకుండా నమూనా ఫైళ్ల మీద రోజూ అరగంట చేయించాలి.