బీడీలు చుట్టే చేతిలో నలిగే నాడి

బీడీలు చుట్టే తన తల్లికి రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందని, చిటికెన వేలికి మాత్రం ఏమీ కావడం లేదని, కారణమేమిటని నిజామాబాద్ జిల్లా నుంచి ఒక పాఠకురాలు అడిగారు. గాలి సోకిందని ఇరుగుపొరుగు తాయెత్తు కట్టించారట. నరాల బలహీనత అని ఊళ్లో సూదిమందులు వేశారట. తాయెత్తును మణికట్టుకే కట్టారు కనుక, చోటు మాత్రం సరిగ్గానే దొరికింది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు దోనెలా అమరి ఉంటాయి. అరచేతి వైపున దానికి మూత వేసినట్టు సాగని గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. కార్పల్ టన్నెల్ అనే ఈ ఇరుకు దారిలోంచే వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు బొటన, చూపుడు, నడిమి వేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నాడి అనే నరం అరచేతిలోకి వెళ్తాయి. ఆ నాడి ఇక్కడ నలగడమే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనే జబ్బు. చిటికెన వేలి నాడి ఈ దారికి బయటినుంచి పోతుంది కనుక అది నలగదు.

మణికట్టును ముందుకు వంచినప్పుడు టెండన్లు గిలక మీది చేంతాడులా ఆ పట్టీ మీద ఒరుసుకుంటాయి. మధ్యలో చిక్కేది నాడి. తాడు గిలకను ఎంత బలంతో నొక్కుతుందో లెక్క కట్టాలంటే, తాడులోని లాగుడు బలాన్ని రెండింతలు చేసి, వంపు కోణంలో సగానికి సైన్ విలువ తీసి గుణించాలి. మణికట్టు తిన్నగా ఉంటే కోణం సున్నా, నొక్కుడూ దాదాపు సున్నా. 60 డిగ్రీలు వంచితే సగం కోణం 30, దాని సైన్ అర, కాబట్టి నొక్కుడు లాగుడు బలమంతా అవుతుంది. వేలికొసలతో పట్టే పట్టుకు టెండన్‌లో అంతకు కొన్ని రెట్ల లాగుడు పుడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 1981లో ప్రచురితమైన కొలతల ప్రకారం, ఆరోగ్యవంతుల మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు ఆ దారిలో పీడనం సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం; ఈ జబ్బు ఉన్నవారిలో 32, ముందుకు వంచితే 94. పీడనం 30 ప్రాంతానికి చేరేసరికే నాడి లోపలి సిరల్లో రక్తం మందగిస్తుంది. నిద్రలో మణికట్టు మనకు తెలియకుండానే ముడుచుకుంటుంది కనుకనే తిమ్మిరి రాత్రి ఎక్కువ.

ఒడిలో చాట పెట్టుకుని, తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, రెండు వేళ్ల మధ్య చుట్టి, కొసలు మడిచి, దారం కట్టడం ఒక్క బీడీకి పడే శ్రమ. వెయ్యి బీడీలంటే కత్తిరించడం వెయ్యిసార్లు, చుట్టడం వెయ్యిసార్లు, దారం బిగించడం వెయ్యిసార్లు. మొద్దుబారిన కత్తెర, సరిగా నానని ఆకు లాగుడు బలాన్ని పెంచుతాయి. మరీ కిందికున్న చాట వంపు కోణాన్ని పెంచుతుంది. కత్తెరకు సాన పట్టించడం, చాట కింద చిన్న పీట వేసుకోవడం, మధ్య మధ్య చేతులకు విరామం ఇవ్వడం, రాత్రి మణికట్టును తిన్నగా నిలిపే స్ప్లింట్ కట్టుకోవడం ఇందుకే. షుగరు, థైరాయిడ్ లోపం, గర్భం వల్ల కూడా ఇదే తిమ్మిరి రావచ్చు. అందుకే వైద్యులు నాడిలో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూసే నాడీ ప్రసార పరీక్ష చేయిస్తారు. బొటనవేలి మొదట్లోని కండ పలచబడే దాకా ఆగితే శస్త్రచికిత్సతోనూ పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

చట్టం దగ్గర చిక్కు మరో రకంది. యంత్రంలో వేలు తెగితే దానికి తేదీ, వేళ, సాక్షులు ఉంటారు. వెయ్యి తర్వాత వెయ్యిగా పేరుకున్న గాయానికి ఏ తేదీ వేయాలి? తన వృత్తి వ్యాధుల జాబితాలో లేని జబ్బు ఫలానా ప్రమాదపు గాయం వల్లనే నేరుగా వచ్చిందని తేలితే తప్ప పరిహారం లేదన్నది, 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం. వైద్యులు తప్పక తెలియజేయాల్సిన 29 జబ్బులను, అప్పటిదాకానే అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం పేర్కొంది. వాటిలో కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో మాత్రం ఉంది.

పని ఇంట్లోనే జరుగుతుంది కనుక ఆసుపత్రి చీటీ మీద చాలామందికి గృహిణి అనే రాస్తారు. బీడీ కార్మికురాలినని చెప్పి, గుర్తింపు కార్డు చూపించి, రోజుకు ఎన్ని బీడీలు చుడతారో, ఏ వేళ్లకు ఎప్పటినుంచి తిమ్మిరో ఆ చీటీ మీదే రాయించుకుని, ఒక నకలు దాచుకోవాలని ఆ పాఠకురాలికి నా సూచన.