రెడ్ సిగ్నల్ దగ్గర ఓడిన టర్బైన్ కారు

క్రైస్లర్ కంపెనీ 1963లో గ్యాస్ టర్బైన్‌తో నడిచే కార్లను అమెరికాలో మామూలు కుటుంబాల చేతికిచ్చింది. మొత్తం 50 కార్లు. ఒక్కొక్కరికి మూడు నెలలు, అద్దె లేకుండా. 1966 దాకా 203 మంది వాటిని నడిపారు. కొత్త ఇంజిన్‌ని ల్యాబ్‌లో దాచుకోకుండా ఇలా జనంలోకి వదలడం గొప్ప ధైర్యమే.

ఇందులో పిస్టన్లు లేవు, రేడియేటర్ లేదు. స్పార్క్ ప్లగ్ ఒక్కటే, అదీ మంట అంటించడానికే. ఆ తర్వాత మంట ఆరకుండా మండుతూనే ఉంటుంది. కంప్రెసర్ నొక్కి పంపిన గాలి ఆ మంటలో వేడెక్కి, మొదటి టర్బైన్‌ను, అంటే రెక్కలున్న చక్రాన్ని, తిప్పుతుంది. దాని బలమంతా మళ్లీ కంప్రెసర్‌ని తిప్పడానికే పోతుంది. వాయువుల్లో మిగిలిన ఊపు రెండో టర్బైన్‌ను తిప్పితే కారు కదులుతుంది. ఈ రెండు టర్బైన్లనూ కలిపే ఇరుసు లేదు, మధ్యలో ఉన్నది వేడి వాయువే. డీజిల్, కిరోసిన్ ఏది పోసినా నడుస్తుంది. మెక్సికోలో టెకీలాతో కూడా నడిపారు. ఆ రోజుల్లో బంకుల్లో ఎక్కువగా దొరికే సీసం కలిపిన పెట్రోలు మాత్రం దీనికి పడదు.

నన్ను బాగా ఆకట్టుకున్నది రీజెనరేటర్. ఇంజిన్‌కి రెండు పక్కలా తేనెపట్టులా సన్నని కంతలున్న రెండు పెద్ద చక్రాలు మెల్లగా తిరుగుతుంటాయి. చక్రంలో ఒక భాగం పొగ దారిలో వేడెక్కుతుంది, అదే భాగం తిరిగి వచ్చి లోపలికెళ్లే గాలికి ఆ వేడిని ఇచ్చేస్తుంది. ఇంధనం ఆదా అవుతుంది, బయటికొచ్చే పొగ కూడా చల్లబడుతుంది.

అయినా అసలు చిక్కు తీరలేదు. టర్బైన్ పూర్తి వేగంలో, పూర్తి లోడ్ మీద బాగా పనిచేస్తుంది. విమానానికి అది సరిపోతుంది. ఊళ్లో కారుకి కుదరదు. ఈ ఇంజిన్ గరిష్ఠ వేగం నిమిషానికి 44,500 చుట్లకు పైనే. సిగ్నల్ దగ్గర ఊరికే ఆగి ఉన్నా దాదాపు 20,000 చుట్లు తిరుగుతూ ఇంధనం తాగుతూనే ఉంటుంది. వేగం తగ్గితే కంప్రెసర్ ఒత్తిడి పడిపోతుంది, మంటలోంచి రావలసిన బలం రాదు. పెడల్ నొక్కాక ఇంజిన్ వేగం అందుకోవడానికి సెకనుకు పైగా పట్టేది. పైగా ఆ వేడిని తట్టుకునే లోహాలు ఖరీదైనవి.

పరీక్ష ముగిశాక, ముందు చేసిన 5 నమూనాలతో కలిపి 55 కార్లలో 46ని తుక్కు చేశారు. 2010లో జాగ్వార్ సీ-ఎక్స్75 నమూనా కారులో టర్బైన్లకు వేరే పని అప్పగించారు: కారు చక్రాలు తిప్పే పనిని ఎలక్ట్రిక్ మోటార్లకు వదిలేసి, బ్యాటరీకి కరెంటు అందించడం. సిగ్నల్ పడినా, దారి ఖాళీగా ఉన్నా టర్బైన్ తనకు నచ్చిన వేగంలోనే తిరగొచ్చు.