తెల్లమద్దా, నల్లమద్దా?

ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడని బెజవాడ స్థలపురాణం. ఆ కొండ కింద పారే కృష్ణలాంటి ఏటి ఒడ్డులే అర్జున వృక్షానికి పుట్టిళ్లు. సంస్కృతంలో అర్జునమంటే తెలుపు. మనవాళ్లు దాన్ని తెల్లమద్ది అన్నారు, ఏరుమద్ది అని కూడా అంటారు. దాని దాయాది నల్లమద్ది అడవిచెట్టు. వీధుల్లో నీడనిచ్చే బాదం, త్రిఫలలోని కరక్కాయ, తానికాయ కూడా ఈ టెర్మినేలియా ప్రజాతివే.

బెరడు చూస్తే చాలావరకు తేలిపోతుంది. తెల్లమద్ది మాను నున్నగా, బూడిద తెలుపులో ఉంటుంది. పాత బెరడు పలుచని రేకులుగా ఊడి, కింద లేత గులాబీ ఛాయ బయటపడుతుంది. నల్లమద్ది బెరడు మందంగా, నల్లగా, నిలువూ అడ్డమూ లోతుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. వేసవిలో నేలమంటలు పాకే ఆకురాల్చు అడవుల్లో ఆ మందమే దానికి రక్ష.

నీళ్ల విషయంలో మాత్రం నల్లమద్దిది అబ్బురమే. ఎండాకాలంలో కొన్ని మానులు కాండంలో నీరు దాచుకుంటాయి. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో, కొండరెడ్లు చెప్పిన జాడ పట్టుకుని అటవీ సిబ్బంది ఒక మానుకు గాటు పెడితే నీళ్లు ధారకట్టాయి. సరదాకి నరికి చూడకండి. ప్రతి మానులోనూ నీరుండదు, గాటులోంచి బూజూ పురుగూ చేరతాయి.

అనుమానం మిగిలితే కాయ చూడండి. రెండిటికీ ఐదు రెక్కలే. తెల్లమద్ది రెక్కల ఈనెలు పైకి వంపు తిరుగుతాయి. నల్లమద్ది రెక్కలు వెడల్పు, ఈనెలు అంచుదాకా తిన్నగా అడ్డంగా పోతాయి.

పొడి చేశాక ఈ గుర్తులేవీ మిగలవు కాబట్టి మందుకు తెల్లమద్ది బెరడు కావాలంటే ముక్కగానే కొనాలి. గుండెజబ్బు మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. బెరడు తీసేటప్పుడు మాను చుట్టూ ఒలిస్తే ఆకుల ఆహారం వేళ్లకు దిగే దారి తెగి చెట్టు ఎండిపోతుంది. ఒక పక్కనే, నిలువు పట్టీగా, లోపలి పొర చెదరకుండా తీస్తే మళ్లీ కడుతుంది.

తెల్లమద్దిని పెంచాలంటే ఫిబ్రవరి నుంచి మే దాకా పండే కాయల్ని ఏరి, 48 గంటలు చన్నీళ్లలో నానబెట్టి నాటాలి. పెంకు గట్టిది, నానకపోతే మొలకకు వారాలు పడుతుంది. మొలిచాక తడి ఆరనివ్వకూడదు. ఏటి ఒడ్డు చెట్టు కదా, లేతప్పుడు ఎండకు తట్టుకోలేదు.